లైసెన్సు లేని మేస్త్రి

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే దారిలో, జొన్న చేల పక్కన క్రైస్తవ మిషను వాళ్ల చిన్న బడి ఉండేది. నేను అందులో మూడో తరగతికి చెప్పేదాన్ని. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మా హెడ్‌మిస్ట్రెస్ గుంటూరు వైపు నుంచి వచ్చిన వితంతువు. కోపం పెరిగేకొద్దీ ఆవిడ మాటలో మర్యాద పెరిగేది. ఆవిడ ఎవరినైనా "గారూ" అని సాగదీసి పిలిచిందంటే, తప్పు చేయని పిల్లలు కూడా చేతులు కట్టుకునేవారు.

బడికి రెండు కొత్త గదులు కట్టడానికి సర్కారు మంజూరు చేసి, లైసెన్సు ఉన్న కంట్రాక్టరును పంపించింది. ఆయన మొదటి రోజు జట్కా దిగుతూనే చంకలోని గుడ్డ మూట విప్పి, అద్దం బిగించిన లైసెన్సును బల్ల మీద నిలబెట్టాడు. షేర్వానీ, నల్ల టోపీ, చేతిలో గొడుగు. గజం బద్ద మాత్రం తేలేదు.

"అవ్వల్ దర్జా లైసెన్సు, టీచరమ్మా. జర చూడుండ్రి, మొహరు సుత ఉన్నది," అన్నాడు.

మేం చూశాం. సర్కారు ముద్ర చక్కగానే ఉంది.

నాలుగు నెలల్లో ఒక గది గోడలు లేచి, పైన పెంకులు పడ్డాయి. రెండో గది గోడలు నా నడుము దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ తర్వాత కూలీలు రాలేదు, కంట్రాక్టరూ రాలేదు. పైకప్పు పడ్డ గదిలో దూలం మధ్యలో కిందికి వంగింది. పడమటి గోడ భోజనం ఎక్కువైన మనిషి పొట్టలా ముందుకు వచ్చింది. నేను కిటికీ పక్కన గీరి చూస్తే, పైన వేలెడు మందాన సున్నం, లోపలంతా మట్టి. హెడ్‌మిస్ట్రెస్ ఆ గదికి తాళం వేయించింది. పిల్లలు మునుపటిలాగే వరండాలో కూర్చున్నారు.

ఒకనాడు కంట్రాక్టరు సోమాజిగూడలో కనిపిస్తే ఆవిడ జట్కా ఆపించింది.

"ఏమండీ కంట్రాక్టరు గారూ, మా బడి దారి మరిచిపోయారేంటి?"

"ఏం జెయ్యాలె అమ్మా, లడాయి నడుస్తున్నది. సిమెంటు లేదు, ఇనుము లేదు."

"నిజమేనండీ. మరి గోడలో మట్టి పెట్టారు కదా, అది కూడా జర్మనీ నుంచి రావాలాండీ?"

ఆయన గొడుగు తెరిచి, ఎండ లేని వైపు పట్టుకుని వెళ్లిపోయాడు.

ఇక దర్ఖాస్తుల కాలం మొదలైంది. నా ఉర్దూ దస్తూరి బాగుంటుందని రాసే పని నాకు పడింది. మొదటి దర్ఖాస్తుకు రెండు నెలలకు జవాబు వచ్చింది. బడి అమీర్‌పేటలో ఉన్నదా, పంజాగుట్టలో ఉన్నదా, ముందు అది తేల్చి రాయమన్నారు. రెండింటికీ వేర్వేరు గుమాస్తాలట. మేం గేటు ఒక ఊరి వైపు, బావి ఇంకో ఊరి వైపు ఉన్నాయని నిజాయితీగా రాశాం. అది పొరపాటు. ఇద్దరు గుమాస్తాలూ ఆ కాగితాన్ని ఒకరికొకరు పంపించుకుంటూ ఇంకో రెండు నెలలు గడిపారు. రెండో దర్ఖాస్తుకు, పని పూర్తయిందని కంట్రాక్టరు ఏనాడో రాసిచ్చాడు గనుక పని పూర్తయినట్టేనని జవాబు. మూడోదాన్ని ఆవిడ తానే తీసుకెళ్లి, దఫ్తరు తెరిచినప్పటి నుంచి మూసేదాకా గుమ్మంలో కూర్చుంది. వారం రోజులు వరసగా కూర్చుంది. ఆవిడను దాటుకుని లోపలికి పోవడం కష్టమై, విచారణకు ఆఫీసరును పంపించారు.

ఆఫీసరు వచ్చే రోజున ఆవిడ తాళం తీయించి, ఆ గది మధ్యలో, సరిగ్గా వంగిన దూలం కింద, బల్లా మూడు కుర్చీలూ వేయించింది. బల్ల మీద తెల్ల గుడ్డ, టీ కప్పులు, బిస్కట్లు.

ఆఫీసరు ఫైలు మోసే బంట్రోతుతో వచ్చాడు, వెనకే కంట్రాక్టరూ వచ్చాడు. కంట్రాక్టరు ముందురోజే మనుషులను పంపి బయటి నుంచి గోడలకు వెల్ల వేయించాడు. పడమటి గోడ పొట్ట ఇంకా తెల్లగా కనిపించింది.

"దయచేయండి. టీ చల్లారిపోతుంది," అంది ఆవిడ.

ఆఫీసరు గడప దగ్గర ఆగి పైకి చూశాడు. తర్వాత కంట్రాక్టరు వైపు చూశాడు. "ముందు మీరు నడవండి," అన్నాడు.

"లోపల గాలాడది సాబ్. గా వేపచెట్టు కింద మస్తు సల్లగుంటది," అన్నాడు కంట్రాక్టరు.

"పని పూర్తయిందని రాసిచ్చింది మీరే కదండీ కంట్రాక్టరు గారూ. మీరు కట్టిన కప్పు కింద మీరు కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు? ఒక్క కప్పు టీ తాగి రండి. మేం చెట్టు కింద ఉంటాం."

ఆయన గడప మీద ఒక కాలు పెట్టాడు. రెండోది పెట్టలేదు. కాసేపటికి ఆ కాలు కూడా వెనక్కి వచ్చింది. ఆఫీసరు అక్కడే నిలబడి, బంట్రోతు వీపు మీద కాగితం పెట్టుకుని ఏదో రాసుకున్నాడు. నాకు నవ్వు ఆగక బావి దగ్గరికి పోయాను.

హుకుం నెల తిరక్కుండా వచ్చింది. కంట్రాక్టరు లైసెన్సును ఏడాది పాటు నిలిపివేశారు. అదే కాగితంలో కింద, మిగిలిన పని అతనే పూర్తి చేయాలని, చేయకపోతే లైసెన్సు ఎప్పటికీ తిరిగి ఇవ్వబోమని రాశారు. ఇంకా కింద, లైసెన్సు లేనివాడు కంట్రాక్టు పని ముట్టుకోరాదని కూడా రాశారు. మూడింటి కిందా సంతకం ఒక్కటే.

మర్నాడే కంట్రాక్టరు ఆ కాగితం పట్టుకుని సంతోషంగా వచ్చాడు. "నాకైతే చెయ్యాలనే ఉన్నదమ్మా. గని లైసెన్సు లేదాయె. హుకుం తప్పితె జుల్మానా పడ్తది."

ఆవిడ నా చేత కాగితం రెండుసార్లు చదివించుకుంది.

"లైసెన్సు రాకముందు మీరేం చేసేవారండీ?"

"మేస్త్రిని."

"తాపీ పట్టుకోవడానికి లైసెన్సు కావాలాండీ?"

ఆయన కాగితం మడిచి షేర్వానీ జేబులో పెట్టుకున్నాడు.

"ఏడింటికి మాకు ప్రార్థన. ఏడున్నరకి రండి," అంది ఆవిడ.

వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. మొదటి రోజు షేర్వానీలోనే వచ్చి, ఇద్దరు కూలీలకు పని చెబుతూ నిలబడ్డాడు. ఆవిడ వరండాలోంచి, "చెప్పేవాళ్లకి లైసెన్సు కావాలేమోనండీ," అంది. మూడో రోజుకు ధోవతి కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, తానే గోడ విప్పడం మొదలుపెట్టాడు. అది విప్పడానికి పెద్ద కష్టం కాలేదు. మధ్యలో ఒకసారి గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుని, "ఎవడు కట్టిండు గిది, హౌలా నా కొడుకు!" అని అరిచాడు. వెంటనే అటూ ఇటూ చూశాడు. నేను పిల్లల పలకల మీదికి వంగిపోయాను.

కానీ కొత్త గోడ లేస్తుంటే నవ్వడం మానేశాను. దారానికి ఇనుప గుండు కట్టి వేలాడదీసి, ఒక కన్ను మూసి చూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా రాయి పీకేసేవాడు. సున్నం సరిగ్గా నూరలేదని కూలీలను వెనక్కి పంపేవాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "చెయ్యి పెట్టి చూడు బిడ్డా," అన్నాడు. మూల మీద చేయి పెట్టి చూశాను. రాయికీ రాయికీ మధ్య గోరు కూడా దూరలేదు.

"ఇంత బాగా కట్టడం వచ్చి, మరి అట్లెందుకు కట్టారు?" అని అడిగాను.

"గప్పుడు నేనెక్కడ కట్టిన? కంట్రాక్టరును గద," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

వంగిన దూలం మార్చి, రెండో గదికీ కప్పు వేశాడు. ఆ వానాకాలం పిల్లలు రెండు గదుల్లోనూ కూర్చున్నారు. ఒక్క చుక్క కారలేదు.

ఏడాది గడిచాక ఆయన మళ్లీ షేర్వానీలో వచ్చాడు. లైసెన్సు తిరిగి రావాలంటే బడి నుంచి మంచి మాట రాయించుకు రమ్మన్నారట. ఆవిడ చెప్పింది, నేను రాశాను: "మేస్త్రిగా ఈయనంత పనివాణ్ని నేను చూడలేదు. కంట్రాక్టరుగా కూడా చూడలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఈయన కనిపించేవారు కారు."

ఆయనకు చదువు రాదు. చదివి వినిపించమంటే ఉన్నదున్నట్టు వినిపించాను. కాగితం మీద వేలు పెట్టి, "మొదటి ముక్క జర పెద్ద అక్షరాలతోని రాయరాదు?" అన్నాడు. మళ్లీ రాసి ఇచ్చాను. దఫ్తరు వాళ్లు పెద్ద అక్షరాల దాకానే చదివినట్టున్నారు, పదిహేను రోజుల్లో లైసెన్సు ఇచ్చేశారు.

తర్వాత ఒకసారి ఆయన దారిలో ఎదురై, ఎవరిదో పెద్ద బంగళా కడుతున్నానని చెప్పాడు.

"గోడలు మీరే కడుతున్నారా?" అన్నాను.

"నేనెందుకు బిడ్డా? మేస్త్రీలున్నరు," అన్నాడు, గౌరవం దెబ్బతిన్నట్టు చూస్తూ.