తాంబూలం వెనక్కి తెచ్చుకున్న గవరయ్య

నరసన్నపేట గవరయ్య ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళకు ఫోను లేకపోయినా వినిపిస్తుంది. చుట్టుపక్కల ఏ ఊరి పండగకైనా కళాబృందాన్ని కుదిర్చేది ఆయనే. కాగితాలూ సంతకాలూ ఉండవు. ఆకూ వక్కా చేతిలో పెట్టి, రెండు చేతులూ పట్టుకుని ఒకసారి ఊపుతాడు. అంతే, ఇక ఆట ఆగదు. ఒక తుఫానులో స్టేజీ కొట్టుకుపోతుంటే, ఆయన తాంబూలం పుచ్చుకున్నవాళ్ళు దానిమీదే ఆడుకుంటూ కోటబొమ్మాళి దాకా వెళ్ళారు. నమ్మనివాళ్ళు వెళ్ళి అడగవచ్చు.

ఈ ఏడు అమ్మవారి పండక్కి సింహాద్రి నడిపే తప్పెటగుళ్ళ జట్టుకు తాంబూలం ఇచ్చాక, ఊరి కుర్రాళ్ళు డీజే కావాలని పట్టుబట్టారు. గవరయ్య కాదనలేకపోయాడు. తలొంచుకుని సింహాద్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"తాంబూలం ఎనక్కి అడుగుతన్నావేటి బావా?" అన్నాడు సింహాద్రి. దేవుడి పటం ముందు పెట్టుకున్న ఆకూ వక్కా తెచ్చి, చేతికి తగలకుండా గవరయ్య అరచేతిలో వదిలాడు.

ఇంటికొచ్చి అరుగుమీద కూలబడేసరికి, కాలేజీలో చదివే పక్కింటి దీవెన ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మావా, నీ పనికి ఇటలీవోళ్ళకాడ పేరున్నాది! ఇంప్రెసారియో అంట. ఇంప్రెసా అంటే పూనుకున్న పని. పూనుకుని ఆట ఆడించీవోడు ఇంప్రెసారియో."

గవరయ్య చేతిలోని ఆకూ వక్కా అరుగుమీద పెట్టాడు.

"పూనుకుని ఒగ్గేసినోడికి ఏటి పేరెట్టారో సూడమ్మా," అన్నాడు.

దీవెన నిజంగానే వెతకడం మొదలుపెట్టింది.