మోకాళ్ళ మీద మాస్టారు

ఘంటసాలలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన వెంకటసుబ్రహ్మణ్యం గారు సుద్దముక్క కింద పడినా వంగేవారు కాదు; పరువంతా ఆయన నడుములోనే ఉండేది. అలాంటి మనిషి రెండువేల మూడులో పాటల పిచ్చి కొద్దీ హోమ్ థియేటర్ కొన్నారు. అందులో దడదడలాడించే పెద్ద డబ్బా, అదే సబ్‌వూఫర్, ఎక్కడ పెట్టినా కుండలో ఉరిమినట్టే ఉంది. షాపతను ఫోనులో ఉపాయం చెప్పాడు: డబ్బాని మీ కుర్చీలో కూర్చోబెట్టి, మీరు గోడవార పాకుతూ వినండి. ఎక్కడ బాగుంటే అక్కడే దాని చోటు.

ఎవరి కంటా పడకూడదని మాస్టారు తలుపులు మూసి, పాట పెట్టి, పంచె ఎగ్గట్టి పాకడం మొదలుపెట్టారు. ఆ మోతలో, భార్య త్రిపురసుందరి వీధి తలుపు తీసిన సంగతి ఆయనకి వినపడలేదు. గుమ్మంలో గృహప్రవేశం కార్డుతో పాత శిష్యుడు వెంకటాద్రి నిలబడ్డాడు.

“ఎక్కాలు రాలేదని నన్ను మోకాళ్ళ మీద నిలబెట్టారు. మీరేం తప్పు చేశారు మాస్టారూ?”

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు లేస్తే తప్పు ఒప్పుకున్నట్టే. అందుకని లేవలేదు.

“వాగింది చాల్లేరా. నువ్వూ వంగు. ఆ బీరువా పక్కన ఎలా ఉందో విని చెప్పు.”

పాతికేళ్ళ నాటి భయం ఎక్కడికీ పోలేదు. వెంకటాద్రి ఠక్కున వంగి, పాక్కుంటూ వెళ్ళాడు.

“ఇక్కడ మృదంగం ముద్దగా కాకుండా విడివిడిగా వినపడుతోందండీ!”

“కాఫీ కిందే పెట్టమంటారా, ఇద్దరికీ?” అంది త్రిపురసుందరి.