గసగసాల రొట్టె సాక్ష్యం

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు వెరోనా హుదాక్. అమెరికాలోని అపలాచియా కొండల్లో బొగ్గు గనుల ఊరు ఆమెది. పదకొండేళ్లు వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికింది. ఆశ్రమం మూతపడ్డాక, ఇద్దరు ఆడపిల్లల కడుపు నింపడానికి సర్కారు సాయం అడిగింది. మత్తుమందు వాడట్లేదని మూత్రపరీక్షలో తేలితేనే సాయమన్నారు. గనుల యజమానులకి పన్నులు మాఫీ చేసిన రోజున మాత్రం ఎవరూ వాళ్ల చేతికి సీసా ఇవ్వలేదు.

ఈస్టరు మర్నాడు పొద్దున్నే వెళ్లి సీసా నింపి ఇచ్చింది. గురువారం కబురొచ్చింది, నల్లమందు జాడ దొరికిందని. వెరోనా ఆస్పిరిన్ మాత్రకే ముఖం చిట్లించే మనిషి. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి చెబితే, పిండి కలుపుతున్న అమ్మమ్మ జుజానా తల కూడా ఎత్తలేదు.

"పండగనాడు నాలుగు ముక్కలు తిన్నావు కదే పిల్లా. నల్లమందు మొక్క గింజలేగా గసగసాలు. నా చిన్నప్పుడు మీ ముత్తవ్వ చెప్పేది."

ఐరోపా నుంచి ఆ గనుల పనికి వచ్చి స్థిరపడ్డ స్లోవాక్ వాళ్లు ఈస్టరుకి నలభై రోజుల ఉపవాసం విడిచేది గసగసాల రొట్టెతోనే. బుట్టలో పెట్టి చర్చిలో దీవెన చేయించి తెస్తారు. చాపలా చుట్టిన ఆ రొట్టెలో పిండి కన్నా గసగసాలే ఎక్కువ. ఆ పూట ఊళ్లో సగం మందిని పరీక్షించినా అదే జాడ దొరికేది.

శుక్రవారం మిగిలిన రొట్టెని గుడ్డలో చుట్టుకుని ఆఫీసుకెళ్లింది. అధికారి ప్రిచెట్ కొండకవతలి ఊరివాడు, మెత్తని మనిషి. అలవాటుందని ఒప్పుకుని, మాన్పించే తరగతుల్లో చేరితే సాయం ఆగదన్నాడు. లేదంటే ఏడాది దాకా పైసా రాదన్నాడు. ఒక్క సంతకంతో పోయేదానికి పంతం ఎందుకని నచ్చజెప్పాడు.

ఆమెకి పిల్లలు గుర్తొచ్చారు. రేపు బడిలో మత్తుమందు తల్లి పిల్లలంటే ఏ మొహం పెట్టుకుంటారు? చేయని తప్పు ఒప్పుకోకూడదని నిశ్చయించుకుంది. విషయం చెప్పి, రొట్టె విప్పి ఒక ముక్క కోసి ఆయన ముందు పెట్టింది.

వాసనకి ప్రిచెట్ చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది. సగంలో ఆగిపోయింది.

"మా ఉద్యోగులకీ ముందు చెప్పకుండా ఇదే పరీక్ష పెడతారమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"నేను చెప్పింది అబద్ధమనుకుంటే తినండి," అంది వెరోనా. "నిజమనుకుంటే నాకు మళ్లీ పరీక్ష చేయమని రాయండి."

ప్రిచెట్ చెయ్యి వెనక్కి తీసుకుని, మొదటి ఫలితం కొట్టేసి, వారం తర్వాత ఆఫీసు ఖర్చుతో మళ్లీ పరీక్ష చేయాలని రాసి సంతకం పెట్టాడు.

వెరోనా ముక్కని గుడ్డలో చుట్టేసింది. అది పిల్లలది. ఆ వారం తను మాత్రం ముట్టుకోలేదు.