అక్క పంపిన పిడికెడు బియ్యం

నా చిన్నప్పుడు మా అమ్మ బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి గూట్లో ఉన్న మట్టి ముంతలో వేసేది. అది దేవుని బియ్యం. ఇంట్లో గింజలు ఎంత అడుగంటినా ఆ పిడికెడు మాత్రం తప్పేది కాదు. ఆదివారం ఆ ముంత పట్టుకుని చర్చికి పోయి, అక్కడున్న గోనెసంచిలో పోసి రావడం నా పని. సంఘంలో దిక్కులేని ఆడవాళ్ళకు ఆ బియ్యమే పంచేవాళ్ళు.

మేము రాజురా వైపు నుంచి బొగ్గుబావి పని కోసం చాందాకు వచ్చినవాళ్ళం. చంద్రపూరును అప్పుడు అందరూ చాందా అనే పిలిచేవాళ్ళు. రాజురా హైదరాబాదు నుంచి తెగి బొంబాయి రాష్ట్రంలో కలిసిన రోజులవి. మేము ఇప్పుడు ఏ రాజ్యం కిందికి వస్తామో పెద్దవాళ్ళకు అర్థమయ్యేలోపే పిల్లలకు బడిలో మరాఠీ వచ్చి కూర్చుంది. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది చర్చిలో ఆదివారం బడిలోనే. అందుకే చర్చి అంటే నాకు ప్రాణం. కంఠస్థం చేసిన వాక్యాన్ని గడగడా అప్పజెప్పి నలుగురిలో శభాష్ అనిపించుకోవడమంటే మరీ ప్రాణం.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. బావిలో పైకప్పు కూలి ఆమె భర్త పోయాడు. చంకలో ఒక్క కొడుకు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది చర్చి బియ్యంతోనే. ఒక ఎండాకాలం ఆ పిల్లవాడికి అమ్మవారు పోసింది. పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు. అక్క కూడా పగలూ రాత్రీ మోకాళ్ళ మీదే ఉంది. పిల్లవాడు కళ్ళు తెరవకపోయేసరికి వేపమండలు, పెరుగన్నం పట్టుకుని మహాకాళి గుడికి కూడా పోయి వచ్చింది. పిల్లవాడు బతికాడు. ఎవరి దయతో బతికాడో ఆ పైవాడికే ఎరుక.

ఈ సంగతి దాగుతుందా? ఆదివారం నాడు సంఘపెద్దలు ఆమెను అందరి ముందు నిలబెట్టి తప్పు ఒప్పుకొమ్మన్నారు. ఆమె కొంగు నిండా కప్పుకుని, నేల చూస్తూనే జవాబు చెప్పింది.

"తప్పని ఎట్లంటనయ్యా? యేసయ్యను అడిగిన, తల్లిని అడిగిన. ఇంకెవలన్న ఉన్నరంటే వాళ్ళను సుత అడుగుదు."

ఆ మాటతో ఆమెను సంఘంలోంచి తీసేశారు. బియ్యమూ ఆగిపోయింది. పెద్దల వరుసలో కూర్చున్న మా తాతయ్య లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. వాదించలేదు, కోప్పడలేదు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. తోటి పిల్లలు మీ తాతకు దయ్యం పట్టిందని వెక్కిరిస్తే నాకు తల కొట్టేసినట్టయింది. అక్క మీద రావలసిన జాలి నాకు రాలేదు. ఆమె వల్లే కదా మా పరువు పోయిందని లోపల్లోపల రుసరుసలాడాను.

మరుసటి ఆదివారం నేను ముంత ఎత్తుకోగానే తాతయ్య ఆపి, దాన్ని అక్క ఇంట్లో ఇచ్చి రమ్మన్నాడు. మా అమ్మ భయపడింది. "అది దేవుని బియ్యం మామా. పాపం తగుల్తది" అంది.

"ఆకలైతున్నది దేవునికా, ఆ పిల్లగానికా? నువ్వే చెప్పు" అన్నాడు తాతయ్య.

అమ్మ తానే ముంత నా చేతికిచ్చింది.

నేను దాన్ని ఓణీ కింద దాచుకుని, చర్చి పిల్లల కంట పడకుండా ఇళ్ళ వెనక నుంచి పోయాను. అక్క బియ్యం చాటలో పోసుకుంది. కళ్ళు తుడుచుకుంది. తరువాత ఆ బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి నా ముంతలో తిరిగి వేసింది.

"ఇది దేవునిది చెల్లె. చర్చిల పోసి రా. నన్నైతే రానియ్యరు గద. నా పేరు చెప్పకు, సంచిలకెల్లి తీసి పారేస్తరు."

ఆ పిడికెడు పట్టుకుని చర్చికి పోయాను. సంచిలో పోస్తుంటే పాస్టరమ్మగారు చూసి నా తల నిమిరారు. తాత దారి తప్పినా ఈ పిల్ల దేవుణ్ణి మరువలేదని అందరికీ వినబడేలా మెచ్చుకున్నారు. నేను ఎప్పుడూ కోరుకున్న శభాష్ అదే. అది చెవిన పడగానే ఖాళీ ముంతను ఓణీ కింద దాచుకున్నాను. నిజం చెబితే ఆ బియ్యం బయట పడేస్తారు. చెప్పకపోతే అక్క పుణ్యం నా ఖాతాలో పడుతుంది. నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ రోజు వాక్యం అప్పజెప్పమంటే ఒక్క ముక్క నోటికి రాలేదు.

అలా చాలా ఆదివారాలు గడిచాయి. మా ముంత అక్క ఇంటికి పోయేది, అక్క పిడికెడు చర్చికి పోయేది. వెలివేసిన సంఘమే ఆమె బియ్యం పంచుకు తింటూ ఉంది. ఆమె గుడికి పోయిందా, మోకరించిందా అని మా తాతయ్య ఒక్కనాడూ అడగలేదు. కొన్నాళ్ళకు ఆమె అన్న వచ్చి తల్లినీ పిల్లవాడినీ తన ఊరికి తీసుకుపోయాడు.

ఇప్పుడు మా పిల్లలు చర్చికి పోరు. మనవళ్ళు పోయేది క్రిస్మస్ నాడు, అదీ కేకు కోసం. నేనూ తగ్గించాను. కొత్త పాస్టరుగారు ఇంటికొచ్చి ఎందుకు రావడం లేదమ్మా అని అడిగితే, టీ ఇచ్చి మోకాళ్ళ నొప్పుల మీద నెపం వేస్తాను. కానీ కుక్కర్లో బియ్యం పోసే ముందు నా చేయి ఈనాటికీ ఒక పిడికెడు పక్కకు తీస్తుంది. డబ్బా నిండగానే ఆకలితో ఉన్నవాళ్ళెవరికైనా ఇస్తాను, ఏ దేవుణ్ణి కొలుస్తారని అడగను. వాళ్ళు నీ కడుపు చల్లగుండా అని దీవిస్తే మాత్రం సిగ్గుతో తల వంగిపోతుంది. ఆ దీవెన అక్కకు చేరాల్సింది. అప్పుడూ నేనే తీసుకున్నాను, ఇప్పుడూ నేనే తీసుకుంటున్నాను.