పొట్టు పడే దిక్కు

నారాయణఖేడ్ తాలూకాలో సైకిల్ మీద తపాలా మోసిన మొదటి మనిషిని నేను. పేరు సంగమేశ్వర్. మా ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, ఆపైన చదువు లేదు. అయినా ఇరవై ఏళ్ళ నౌకరీలో ఒకరి ఉత్తరం ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. నల్లవాగు పొంగిన రోజున సైకిల్ భుజాన వేసుకుని, సంచి నెత్తిన కట్టుకుని దాటాను. ఒక్క కాగితం తడవలేదు. జ్వరం వచ్చినా సెలవు పెట్టింది మొత్తం మీద పదకొండు రోజులే. దానికి సర్కారు వారు మెచ్చుకోలు కాగితం, సనద్, ఇచ్చారు. వీటన్నిటికంటే ముందు, నిజాం సర్కారు లెక్కలో ఫసలీ 1332లో సిర్గాపూర్ సైకిల్ పందెంలో మొదట వచ్చినందుకు ఇచ్చిన వెండి బిళ్ళ ఉంది. అది మా ఇంటి దూలానికి వేలాడుతుంటుంది. వచ్చినవాళ్ళు తల ఎత్తి చూస్తారు, నేను చెబుతాను.

చెప్పేవన్నీ నిజాలే. కానీ ఆ బిళ్ళా, ఆ నౌకరీ యాదయ్యకు రావలసినవి.

యాదయ్యదీ మాదీ ఒకటే ఊరు, నాగల్‌గిద్దకు రెండు కోసుల దూరం. ఇద్దరం ఒక ఈడు వాళ్ళం. మాకు ముప్పై ఎకరాల కంది చేను, జొన్న చేను ఉండేవి. అతనికి ఏమీ లేదు. బసవరాజ్ దొర గడిలో వెట్టి చేసేవాడు. తండ్రి చేశాడు కాబట్టి అతనూ చేయాలి, అంతే. అతని భార్య కిష్టవ్వ గడికి నీళ్ళు మోసేది, జొన్నలు విసిరేది. కూలి అన్న మాట లేదు. నడి మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నా సరే, పిలుపు వస్తే లేవాలి.

దొర హైదరాబాదు నుంచి ఒక సైకిల్ తెప్పించాడు. రెండుసార్లు పడి, ఇక ముట్టుకోలేదు. ఖేడ్ కచేరికి కాగితాలు మోసే పని యాదయ్యది కాబట్టి సైకిల్ అతనికి అప్పజెప్పాడు. కానీ దానికొక కట్టడి ఉంది. ఊళ్ళో దాని మీద కూర్చోరాదు. గడి గుమ్మం నుంచి పొలిమేర రాయి దాకా నడిపించుకుంటూ పోవాలి, రాయి దాటాక ఎక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు రాయి కాడ దిగాలి. దొర ఎక్కడ ఎదురుపడినా, అడవిలో అయినా సరే, దిగి చెప్పులు విడిచి తల వంచుకుని నిలబడాలి. ఏడేళ్ళు అట్లా ఎక్కి దిగాడు.

మా నాన్న నాకొక పాత సైకిల్ కొనిచ్చాడు. ఖేడ్ బాటలో ఇద్దరం తరచుగా కలిసేవాళ్ళం. పొలిమేర లోపల అతను నన్ను పటేలా అని పిలిచేవాడు. రాయి దాటి సైకిల్ ఎక్కాడంటే సంగన్నా అనేవాడు. అది అతను తెలిసి చేశాడో తెలియక చేశాడో నేను అడగలేదు. నాకు మాత్రం బాగుండేది.

ఫసలీ 1332లోనే తాలూకాలో సైకిల్ మీద తపాలా మోసే హర్కారాను పెట్టాలని సర్కారు అనుకుంది. మనిషిని ఎంచుకోవడానికి తహసీల్దారు పందెం పెట్టించాడు. ఖేడ్ కచేరి నుంచి సిర్గాపూర్ పోయి, అక్కడ చావడి చుట్టూ తిరిగి మళ్ళీ కచేరికి రావాలి. మొదట వచ్చినవాడికి వెండి బిళ్ళ, నౌకరీ. సర్కారు నౌకరు ఇంటి మీద వెట్టి ఉండదు. మొగుడు నౌకరుంటే పెళ్ళాం కూడా గడి నీళ్ళు మోయనక్కర లేదు. యాదయ్యకు కావలసింది అదే. నాకు నౌకరీ అక్కర లేదు, బిళ్ళ మీద మనసు.

బసవరాజ్ దొర తన సైకిల్ గెలవాలని పట్టుబట్టాడు. ఎడ్లను పందేనికి పంపినట్టే యాదయ్యను పంపాడు.

"గెలిస్తే నౌకరీ చేస్కోరా. నేను అడ్డం రాను," అన్నాడు నలుగురి ముందు. "ఓడితే మాత్రం నా దొడ్లెకు రాకు. పెండ గూడ ఎత్తనియ్య."

అందరూ నవ్వారు. యాదయ్య కూడా నవ్వాడు. ఆ రోజు కిష్టవ్వ మా ఇంటికి వచ్చి, గడపకు అవతలే నిలబడి, "పటేలా, మీరు తోడుంటే ఆయన గెలుస్తడు. జర చూస్కోండ్రి," అంది. చూసుకుంటానన్నాను.

పందెం పదిహేను రోజులుందనగా సిర్గాపూర్ బాటలో తొక్కడం మొదలుపెట్టాము. అది ఉత్తరానికి పోయే మొరం బాట. చెట్టు లేదు, చాటు లేదు. పడమటి గాలి లేచిందంటే పక్క నుంచి కొట్టి సైకిల్‌ను చేనులోకి నెడుతుంది. మొదటి రోజు నేను రెండుసార్లు తుమ్మ కంపలో పడ్డాను.

యాదయ్య పక్కన నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. "సంగన్నా, నీ ఇంట్ల కందులు ఎవరు తూర్పార పట్టిండ్రు?"

"నువ్వే గదరా."

"పొట్టు ఎటు పడ్తదో సూసినవా ఎన్నడన్న? తినుడే తెల్సా?"

యాదయ్యను మించి తూర్పార పట్టేవాడు మా పక్కన లేడు. ఎత్తు పీట మీద చేట పట్టుకుని నిలబడి, గాలి రాకముందే 'వస్తుంది' అనేవాడు. గాలిని అతను కళ్ళంలో నేర్చుకున్నాడు. ఆ రోజు బాట మీద గుప్పెడు దుమ్ము తీసి పైకి విసిరాడు. దుమ్ము ఏటవాలుగా పోయి పడింది.

"గాలి పక్కకెల్లి కొడ్తుంటే, నా వెనక సక్కగ ఉంటే నీకేం లాభం లేదు. గా పొట్టు పడే దిక్కున ఉండాలె. పక్కకు, జరంత ఎనక. గాడ గాలి నీడ ఉంటది. పొయ్యేటప్పుడు గాలి ఎడమకు, నువ్వు నా కుడి పక్కన. వచ్చేటప్పుడు గాలి కుడికి, నువ్వు ఎడమ పక్కన."

"మరి నీకు నీడ?"

"నూరు ఎంచేదాక నేను ముందల. తర్వాత నూరు నువ్వు. ఇద్దరం ఒక్క మనిషి లెక్క పోవాలె."

చెప్పినట్టు చేశాను. గాలి నీడలోకి జారితే కాళ్ళ బరువు సగం అయింది. చెవుల్లో హోరు కూడా తగ్గింది. నేను అరిచినంత పని చేశాను.

అతను ఇంకొకటి చెప్పాడు. ముందున్నవాడు బాట అంచుకు దగ్గరగా తొక్కితే వెనక ఒక్క సైకిల్‌కే నీడ మిగులుతుంది. మూడోవాడికి పడవలసిన నీడ కంపలో పడుతుంది. "మూడోడు గాలి తిని సస్తడు," అన్నాడు. చివరగా చెప్పినది మాత్రం నవ్వకుండా చెప్పాడు.

"ఆఖరు ఫర్లాంగుల నేను ముందలుంట. నీడల ఉన్నోని కాళ్ళు కొత్తగుంటయ్. పక్కకొచ్చి తొక్కితే నన్ను దాటిపోతవ్. నేనేం జెయ్యలేను. రాకు సంగన్నా."

"నాకెందుకురా నౌకరీ? రాను."

"ఒట్టు?"

నా సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

పందెం రోజున తొమ్మిది మందిమి. భయపడవలసిన వాడు ఒక్కడే. బీదర్ నుంచి వచ్చిన జవాను, దుక్కలాంటి మనిషి, మెరిసే సైకిల్. యాదయ్య చినిగిన ధోవతి చూసి, "గాడిదెనక్క పోవాల్సినోడు గాడి ఎక్కిండు," అన్నాడు. బయలుదేరే ముందు డప్పు కొట్టి చాటింపు వేశారు: పందెంలో ఉన్నవాడు ఎవరి ముందూ సైకిల్ దిగనక్కర లేదు, చెప్పులు విడవనక్కర లేదు, తహసీల్దారు హుకుం. బసవరాజ్ దొర కుర్చీలోంచి యాదయ్యను చూసి, "విన్నవారా?" అన్నాడు. "విన్న దొరా," అన్నాడు యాదయ్య.

గాలి మేము కోరుకున్నట్టే ఉంది. పోయేటప్పుడు జవాను ముందుకు దూకాడు. మేము పట్టించుకోకుండా నూరు నూరు ఎంచుతూ వెనకే పోయాము. సిర్గాపూర్ చావడి చుట్టూ తిరిగాక గాలి కుడికి మారింది. మేము వెంటనే పక్కలు మార్చుకున్నాము. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు తాడు కట్టినట్టు, ప్రతివాడూ గాలి తింటూ తొక్కుతున్నారు. కోసు దూరంలో జవానును పట్టుకున్నాము. అతను మా వెనక చేరాడు. యాదయ్య ఎడమ అంచుకు జరిగి, నాకు మూర జాగా మాత్రం వదిలి తొక్కాడు. నా వెనక జవానుకు మిగిలింది తుమ్మ కంప.

"ఏయ్! బాజూ జరుగు!" అని అరిచాడు జవాను.

"జరిగితే చేన్లకు పోతం సాబ్, కందులు పాడైతయ్!" అన్నాడు యాదయ్య. ఆ గాలిలో, ఆ ఎగశ్వాసలో అతను నవ్వడం నేను విన్నాను. అతను నవ్వగా నేను విన్నది అదే ఆఖరు.

జవాను నూరు గజాలు వెనకబడ్డాడు. కానీ ఊరు మొదలయ్యాక గోడలు గాలిని ఆపేశాయి. గాలి లేకపోతే మా విద్యకు పని లేదు. బలం ఉన్నవాడిదే బాట. జవాను మళ్ళీ దగ్గరపడ్డాడు, అతని ఊపిరి నా వీపు మీద వినబడింది. యాదయ్య నాకు సైకిల్ పొడుగు ముందున్నాడు. ఎదురుగా కచేరి, షామియానా, సున్నంతో గీసిన గీత. ఇక యాభై గజాలు. ఒట్టు ప్రకారం నేను యాదయ్య వెనకే ఉన్నాను. నేను అడ్డం ఉండగా జవాను దాటలేడు. గెలుపు అయిపోయింది.

షామియానా బాటకు కుడి పక్కన ఉంది. బసవరాజ్ దొర బాగా చూడాలని కుర్చీ ముందుకు లాక్కుని, సరిగ్గా బాట అంచున కూర్చున్నాడు.

యాదయ్య కాలు దిగింది.

పడలేదు, ఆగిపోలేదు. ఏడేళ్ళుగా దిగినట్టే దిగాడు. కుడి కాలు ఇవతలికి వేసి, హ్యాండిల్ పట్టుకుని, తల వంచి, కాలి వేళ్ళతో రెండో కాలి చెప్పు విడిచాడు.

నేను అప్పుడు ఆగవచ్చు. జవానుకు అడ్డంగా సైకిల్ వేయవచ్చు. కనీసం "ఎక్కు యాదీ!" అని ఒక్క కేక వేయవచ్చు, రెండు తొక్కులకు అతను గీత దాటేవాడు. కేక వేయడానికి నాకు ఊపిరి ఉంది. దాన్ని కాళ్ళకు పెట్టుకున్నాను. పక్కకొచ్చి దాటిపోయాను. నా వెనకనే జవాను దాటాడు. డప్పులు మోగాయి.

వెనక్కి తిరిగి చూస్తే యాదయ్య ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు. ఏం జరిగిందో అతనికి అప్పుడే తెలుస్తున్నట్టుంది. తన కాలి వైపు చూసుకుంటున్నాడు. బసవరాజ్ దొర లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. అతను తహసీల్దారు వైపు తిరిగి ఛాతీ విరుచుకున్నాడు.

"చూసిండ్రా సాబ్! పందెం పోతే పోనీ. హుకుం ఉన్నా గూడ నా మనిషి నా ముందట సైకిల్ మీద కూసోలె!"

తన భుజం మీది జరీ రుమాలు తీసి యాదయ్య మెడలో వేశాడు. నాకు కొట్టిన చప్పట్ల కంటే దానికి కొట్టినవే ఎక్కువ. యాదయ్య ఆ రుమాలుతోనే ఊరి దాకా సైకిల్ నడిపించుకుంటూ పోయాడు. పొలిమేర అవతల కూడా ఎక్కలేదు.

నౌకరీ వద్దని చెబుదామనుకున్నాను. మా నాన్న, "సర్కారు నౌకరీ ఇంటికొస్తే కాలితో తంతవా?" అన్నాడు. నేను వద్దంటే అది రెండోవాడికి, అంటే జవానుకు పోతుంది, యాదయ్యకు రాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. తహసీల్దారును అడిగి చూడవచ్చు. అడగలేదు. చేరిపోయాను.

అతనికి జరిగింది అంతటితో ఆగలేదు. నేను హర్కారా అయ్యాక గడి ఉత్తరాలు నేనే తెచ్చేవాణ్ణి, గడి కాగితాలు నేనే ఖేడ్‌కు తీసుకుపోయేవాణ్ణి. ఇక యాదయ్యను పంపవలసిన పని దొరకు లేకపోయింది. సైకిల్‌ను దొడ్డి చూరుకు వేలాడదీశారు. యాదయ్య పెండ ఎత్తే పనికి పోయాడు. సైకిల్ మీద పొలిమేర దాటే పని అతనికి మళ్ళీ పడలేదు.

తొమ్మిది పదేళ్ళ తర్వాత, ఊరి బయట కళ్ళంలో అతను గడి కందులు తూర్పార పడుతుంటే నేను తపాలా సంచితో ఆ పక్క నుంచి వచ్చాను. నన్ను చూసి పీట దిగాడు. చెప్పులు విడిచి బాట పక్కన నిలబడ్డాడు. నేను సర్కారు మనిషిని కదా.

"యాదీ, గట్ల నిలబడకురా," అన్నాను. "ఒకటి అడుగుత. చాటింపు విన్నవు గదా, ఎందుకు దిగినవ్?"

"నేను దిగలె పటేలా," అన్నాడు. "కాలు దిగింది."

పొలిమేర రాయి మాకు అర కోసు వెనక ఉంది. అయినా పటేలా అన్నాడు. నేను ఎందుకు ఆగలేదో అతను అడుగుతాడని ఎదురుచూశాను. నేను ఆగితే జవాను గెలిచేవాడన్న మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. అతను అడగలేదు. గాలి వస్తుందని చెప్పి పీట ఎక్కాడు.

ఫసలీ 1352 ఎండాకాలం మొదట్లో యాదయ్య పోయాడు. రక్తం కక్కుకున్నాడు. ఖేడ్ దవాఖానకు తీసుకుపోవడానికి గడి బండి అడిగితే, కోతల రోజులని ఇవ్వలేదు. నేను తపాలా మీద సిర్గాపూర్‌లో ఉన్నాను. వచ్చేసరికి అయిపోయింది.

మూడో రోజున వాళ్ళ గుడిసెకు పోయాను. కిష్టవ్వ గడి నీళ్ళకు కడవ ఎత్తుకుని బయలుదేరుతోంది. మొగుడు పోయి మూడు రోజులే అయినా గడికి నీళ్ళు ఆగవు. ఆమె ముందు నిలబడి, ఇరవై ఏళ్ళుగా దాచుకున్న మాట చెప్పేశాను. నేను ఆగినా లాభం లేదని, జవాను గెలిచేవాడని, నౌకరీ బీదర్‌కు పోయేదని.

ఆమె కడవ దించలేదు. చివరిదాకా విన్నది.

"జవాను బీదర్ ఆయన, పటేలా," అంది. "ఆయన మీద మేము ఆశ పెట్టుకోలె."

చుట్టకుదురు సర్దుకుని గడి వైపు నడిచింది.