పువ్వు పడేదాకా

ఆ ఏడు సెలవుకొచ్చిన రెండోనాడే మా ఆయన దొడ్డి తడిక ఊడబీకి దిబ్బ మీద పారేశాడు. ఎందుకు తీశావని అడిగితే చేతులు దులుపుకుని లోపలికి పోయాడు. మధ్యాహ్నానికల్లా పక్కింటి మేకలు దూరి నేను పోసుకున్న వంగనారు మొత్తం మేసిపోయాయి. నాకు ఒళ్లు మండింది. మిలిటరీలో అన్నేళ్లు పనిచేసినవాడికి తడిక ఎందుకుంటుందో నేను చెప్పాలా? మళ్లీ కట్టాను. మళ్లీ తీశాడు.

అంతకుముందు ఆయన ఉన్నది ఆఫ్రికాలో. జనం ఒకరినొకరు నరుక్కునే చోటికి దేశాలన్నీ కలిసి శాంతి సైన్యాన్ని పంపుతాయి కదా, నీలం టోపీలు పెట్టి, దాంట్లో. ఐరాల దగ్గర మా పల్లెకు అదొక గొప్ప. "మావోడు పరాయి దేశపోళ్లను కాపాడేదానికి పోయినాడు" అని మా అత్త బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాళ్లకూ చెప్పేది. తిరిగొచ్చిన మనిషి మాత్రం వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు. "తుపాకీ పేల్చినావా మామా?" అని పక్కింటి పిల్లలు అడిగితే "లేదు" అని ఒక్క మాట. నాకు మొదట కోపం వచ్చింది, తర్వాత భయమేసింది, ఆ తర్వాత అదీ పోయింది. వంటింట్లో రెండు కుండల్లా పక్కపక్కనే ఉండిపోయాం.

ఆ నెలలోనే గంగజాతర. మా ఊళ్లో జాతరకు ముందు తప్పెట కొట్టి చాటింపు వేస్తారు. చాటింపు అయ్యాక పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా వేపమండల తోరణం కడతారు. ఇక జాతర ముగిసేదాకా లోపలివాళ్లు అది దాటి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. దాటి పోయినవాడు జాతర అయ్యేదాకా బయటే ఉండాలి. కలరా రోజుల్లో పెట్టుకున్న కట్టడి అంటారు. పెళ్లయిన కొత్తలో నన్ను చూడ్డానికొచ్చిన మా నాయన కూడా తోరణం అవతలే నిలబడి, తెచ్చిన పనసపండును లోపలికి దొర్లించి వెనక్కి పోయాడు.

చాటింపైన మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా ఇటుకల బట్టీ కూలీలు పరుగెత్తుకుంటూ వచ్చారు. అరవదేశం నుంచి వచ్చి పక్కూరి బయట గుడిసెలు వేసుకున్నవాళ్లు. ఆ ఊళ్లో ఎవరిదో బావి మోటారు పోయిందట, వీళ్లే ఎత్తుకుపోయారని మగవాళ్లను చావగొట్టి గుడిసెలకు నిప్పు పెట్టారట. వచ్చినవాళ్లంతా ఆడవాళ్లు, పిల్లలు, ఒక ముసలాయన. వెనకాలే వస్తున్నారు, చంపేస్తారు అని అరవంలో ఏడుస్తున్నారు. మా వైపు అరవం అర్థం కానివాళ్లు లేరు. అయినా తోరణం చూసి ఆగిపోయారు. కట్టడి వాళ్లకూ తెలుసు.

ఊరిపెద్ద మా ఆయనకు చిన్నాయన. చెడ్డవాడు కాదు. "కట్టడి తప్పితే ఊరికి చేటు. అమ్మను అడుగుదాం. పువ్విస్తే రానిద్దాం" అన్నాడు. మా దగ్గర ఏ పెద్దపనికైనా అడగడం అంతే. అమ్మవారి తలమీద తడిపువ్వు పెట్టి చూస్తారు. కుడివైపు పడితే సరేనన్నట్టు. పడకపోతే పడేదాకా చూడాలి. పూజారి గుడికి పరుగెత్తాడు. పోలీసులకు కూడా ఫోను చేశారు, జీపు వస్తుందన్నారు. మేమంతా చింతచెట్టు కింద నిలబడి చూస్తున్నాం. నీడ మొత్తం మా వైపే ఉంది. కొందరం చెంబులతో నీళ్లు అందించాం. చేతులు దాటొచ్చు, కాళ్లు దాటకూడదని అక్కడికక్కడే ఎవరో పెద్దమనిషి తేల్చి చెప్పాడు. ఏం తెలివి మాది!

కొన్నేళ్ల తర్వాత టీవీ వార్తల్లో విన్నాను. ఏ దేశమైనా తన జనాన్ని తానే చంపుకుంటుంటే మిగతా దేశాలు చూస్తూ ఊరుకోకూడదు, కాపాడే బాధ్యత అందరిదీ అని ప్రపంచంలోని పెద్దలంతా కూర్చుని ఒప్పుకున్నారట. నాకు మాత్రం ఆ ఎండ, ఆ నీళ్ల చెంబులు గుర్తుకొచ్చాయి. గుడి వైపు తిరిగి "పువ్వు పడిందా?" అని అరవడం, "ఇంకా లేదు" అని అటునుంచి బదులు రావడం.

మా ఆయన అప్పటిదాకా చెట్టు మొదట్లో కూర్చునే ఉన్నాడు. దూరంగా ట్రాక్టరు కనిపించింది, నిండా కట్టెలు పట్టుకున్న మగవాళ్లు. ఆయన లేచాడు. లుంగీ ఎగ్గట్టి, తోరణం కింద తల వంచి అవతలికి దాటాడు.

"రేయ్, యాడికిరా? దాటితే మళ్లీ లోపలికి రాలేవు!" చిన్నాయన అరిచాడు.

"తెలుసు."

కూలీలను దాటుకుని పోయి రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. చేతిలో పుల్ల కూడా లేదు. నేనూ వెనకాలే పరుగెత్తాను. కాళ్లు తోరణం దగ్గరే ఆగిపోయాయి.

"పక్కకు జరుగప్పా. మీ ఊరితో మాకు తగువు లేదు" అన్నాడు ట్రాక్టరు మీది మనిషి.

"నేనూ ఈ ఊరోణ్ణే. నన్ను కొట్టినాక పోండి" అన్నాడు ఈయన. గొంతు పెంచలేదు.

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా ఊరి మనిషిని కొడితే మా ఊరంతటితో తగువే. అప్పటికి మావాళ్లకూ గొంతులు వచ్చాయి, తోరణం లోపల నుంచే కేకలు వేశారు. తిట్టుకుంటూ ట్రాక్టరు తిప్పుకుని పోయారు.

పువ్వు పొద్దుగూకే ముందు పడింది. పూజారి ఆయాసపడుతూ వచ్చి చెబితే "సల్లని తల్లి" అని అందరూ చెంపలేసుకున్నారు. పిల్లలను చంకనెత్తుకుని తెచ్చి బళ్లో దించి అన్నం పెట్టాం. జీపు ఎప్పుడొచ్చిందో నాకు గుర్తు లేదు. మా ఆయన మాత్రం లోపలికి రాలేదు. పువ్వు అడిగింది వాళ్ల కోసం, ఆయన కోసం కాదు. "నీకూ ఒక పువ్వు అడుగుతాం లేరా" అని చిన్నాయన బతిమాలాడు.

"వద్దు చిన్నాయనా. ఈడే బాగుండాది."

గిన్నెలో సంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టుకుని పోయాను. మైలురాయి మీద కూర్చుని ఉన్నాడు. తోరణం కింద చేయి చాపి గిన్నె అందించాను. ఆఫ్రికా గురించి అడగడం నాకు చేతకాలేదు. తడిక గురించి అడిగాను.

"ఆ తడిక ఊరికూరికే ఎందుకయ్యా తీస్తావు?"

ఆయన సంగటి ముద్ద చేసి ఊరుబిండిలో అద్దుకున్నాడు.

"ఆడ మా క్యాంపు గేటు కాడ నా డ్యూటీ" అన్నాడు. "నేను లోపల, ప్రాణాలకు పారిపోయొచ్చినోళ్లు ముళ్లకమ్మి బయట. పిలకాయలు ఉండారు. తెరవమని ఏడిసినారు. పైనుంచి ఆర్డరు రావాల అన్నాడు మా ఆఫీసరు. ఆయన అడుగుతానే ఉన్నాడు పాపం."

"మళ్ల?"

"రెండోనాడు వచ్చింది."

"తెరిచినావా?"

"తెరిచినా." ముద్ద చేతిలోనే ఉంది. "లోపలికి వచ్చేదానికి ఎవురూ మిగల్లా."

"సల్లారిపోతాది, తిను" అన్నాను.

ఆయన తిన్నాడు.