గాలి నాలుగు

సముద్రం, ద్రోహం, ప్రతీకారం కలిసిన మహాగాథ ఇది. అన్నమాటే గానీ, జరిగిందంతా నర్సీపట్నంలో, మా వంటింటి గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో.

నేను సరుకు ఓడలో థర్డ్ ఆఫీసర్‌ని. ఎంత దూరానికి ఎంత ఆయిల్ తాగి ఎంత పొగ వదిలిందో చూసి, ఓడకు ఏటా ఎ నుంచి ఇ వరకు గ్రేడు ఇస్తారు. మాకు డి వచ్చింది. నేను సెలవులో ఇంటికొచ్చిన వారానికి విశాఖ ఆఫీసు నుంచి సూపరింటెండెంటుగారు ఫోన్ చేశారు.

"సిబ్బంది అజాగ్రత్త బాబూ. నీ ప్రమోషన్ ఇప్పుడు కాదులే."

అజాగ్రత్తా! పదకొండు రోజులు ఎదురుగాలిలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. సాంబారు ఎక్కువగా ఒళ్ళే తాగింది. ఓడ ఉన్నచోటే ఊగుతూ ఆయిల్ తాగింది. గాలి తీవ్రతను మేం అంకెల్లో రాస్తాం. నాలుగంటే బట్టలు ఆరే గాలి, ఎనిమిదంటే మనుషుల్ని ఆరేసే గాలి. ఆరు దాటిన రోజుల్ని గ్రేడు లెక్కలోంచి తీసేయాలని మా కంపెనీ నియమం. మాకు ఒక్కరోజూ తీయలేదు.

ఆయన్ని వదలకూడదనుకున్నాను. అలల వీడియోలన్నీ పోగేశాను. ఆయన నాకు పంపాల్సిన క్షమాపణ మెయిల్ కూడా నేనే రాసి ఉంచాను, పెద్దాయనకు శ్రమెందుకని.

"ఏట్రా, పగబట్టినోడిలా కూకున్నావు?" అంది అమ్మ.

"ఒకడి పని సెప్పాలమ్మా."

"సెబుదువులే. ముందు బేగి ఈ సిక్కుడుకాయలకి ఈనెలు తియ్యి."

మావయ్య మరింత ఎగదోశాడు. "నిన్న రోలుగుంట నుంచి ఎదురుగాల్లో వొచ్చాను. నా బండి ఎంత పెట్రోల్ తాగిందో! దానికి ఏ గ్రేడు ఇస్తాడో అడగరా ఆణ్ణి."

అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. సూపరింటెండెంటుగారు అంతా ఓపిగ్గా విన్నారు.

"సరే బాబూ. రోజూ మధ్యాహ్నం ఓడ నుంచి మాకు రిపోర్టు వస్తుంది కదా. పదకొండు రోజులూ గాలి నాలుగనే ఉంది. అది పంపేదెవరు?"

అమ్మ చిక్కుడుకాయ తుంచిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"నేనేనండీ."

రోజూ ముందురోజు ఫైలు తెరిచి, తేదీ, చోటు, ఆయిల్ మార్చి పంపేవాణ్ణి. ఓడ ఊగిపోతుంటే త్వరగా పడుకోవాలని తొందర మరి.

ఫోన్ పెట్టేశాక మావయ్య అన్నాడు: "ఇంకేటి, మనిషి దొరికాడు కదా. ఆడి పని సెప్పీ."

సూపరింటెండెంటుగారిని నేనింకా క్షమించలేదు. ఆయన చెప్పింది నిజం కావడం అదనపు నేరం. తర్వాతి ఓడ కూడా థర్డ్ ఆఫీసర్‌గానే ఎక్కాను.

పాత ఫైలు కాపీ చేస్తే గాలి గడిలో పాత అంకే ఉంటుంది.